గీత మీద ఇల్లు

అమెరికాలోని డకోటా మైదానంలో ఎంబ్రిక్, గురో అనే అన్నాచెల్లెళ్లు కట్టుకున్న ఇల్లు సరిగ్గా గీత మీద ఉండేది. కప్పు ఒక్కటే, పొగగొట్టం ఒక్కటే. లోపలికి అడుగు పెడితే మాత్రం పడమటి సగం అన్నది, తూర్పు సగం చెల్లెలిది. రెంటికీ నడుమ నేలమీద ఒక పలకకి నీలం రంగు పూసి ఉంచారు. అన్న తన సగంలో కూర్చుని రొట్టె తుంచుకుంటే తునకలు ఎగిరి చెల్లెలి భూమిలో పడేవి.

ఎవరూ సరదాపడి ఇలాంటి ఇల్లు కట్టుకోరు. అంతకుముందు ఆ నేల మీద తిరిగిన జనం ఎక్కడా గీతలు గీయలేదు. పదిమందీ కలిసి వచ్చేవారు, కలిసి వెళ్లేవారు. సర్కారు వాళ్లని పెద్ద నదికి అవతలికి తోసేసి, నేలంతా గళ్లదుప్పటిలా గీసి, ఒక్కో గడికి ఒక్కో మనిషిని కూర్చోబెట్టింది. 'అయిదేళ్లు ఈ గడిలోనే వండుకుని తిను, ఈ గడిలోనే నిద్రపో, దున్ని పంట తియ్యి. ఆ తరువాత నేల నీదే' అంది. పెళ్లికాని ఆడవాళ్లకీ ఇస్తామంది. బాగానే ఉంది. కాని ఒక్కో గడి నూట అరవై ఎకరాలు. పక్కింటికి వెళ్లి ఉప్పు బదులు తెచ్చుకుంటే, ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీది గంజి అడుగంటి, చల్లారి, పిల్లి తినేసి ఉండేది.

ఎంబ్రిక్ పుట్టిన ఊరు అలాంటిది కాదు. నార్వే దేశంలో మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రపు పాయ. ఉన్న గుప్పెడు చదును మీద ఇళ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టుండేవి. పక్కింటి ముసలాయన దగ్గితే ఈ ఇంట్లో పసిపిల్ల ఉలిక్కిపడి లేచేది. అక్కడ నేల లేదు, మనుషులున్నారు. ఇక్కడ నేల ఉంది.

గురో రాకముందు ఎంబ్రిక్ ఒక్కడే ఆ గడిలో ఒక చలికాలం గడిపాడు. మొదట్లో ఎద్దులతో మాట్లాడేవాడు. క్రిస్మస్ దాటాక వాటితోనూ మానేశాడు. ఒక మధ్యాహ్నం బయటికి వచ్చి, చిన్నప్పుడు ఊళ్లో కొండకేసి అరిచినట్టు 'హోయ్' అని గట్టిగా అరిచి, బదులు కోసం చెవి రిక్కించి నిలబడ్డాడు. బదులు పలకడానికి అక్కడ కొండ ఎక్కడుంది? ఆ కేక అలా పోతూ పోతూ ఇప్పటికి చైనా చేరి ఉంటుందనీ, అక్కడ ఎవరో పాపం 'ఏమిటి?' అని తిరిగి అరుస్తూ ఉంటారనీ తరువాత అందరికీ చెప్పి నవ్వించేవాడు. కాని ఆ రోజు అతనికి నవ్వు రాలేదు. మంచు కరిగాక బెరిత్ అనే వితంతువు దారిన పోతూ ఆగి, 'ఏమయ్యా, బతికే ఉన్నావా?' అని పలకరిస్తే జవాబు చెప్పబోయాడు. నోరు తెరుచుకుంది గాని గొంతు లేవలేదు. ఆ సాయంత్రమే చెల్లెలికి రమ్మని కబురు పంపాడు.

గురో వచ్చాక పక్క గడి ఆమె పేరున తీసుకున్నారు. చట్టం ప్రకారం ఎవరి గడిలో వాళ్లు పడుకోవాలి. అందుకని గీత మీద ఒకే ఇల్లు కట్టారు. బుర్ర ఉపయోగించారు గాని సగమే ఉపయోగించారు. వాళ్ల ఊళ్లో ప్రతి ఇంట్లోనూ తలుపు పక్క మూలన పొయ్యి ఉంటుంది. తాతలనాటి అలవాటు. ఎంబ్రిక్ చేతులు ఆలోచించకుండానే అలా కట్టేశాయి. పని పూర్తయి చూసుకునేసరికి తలుపూ అతని సగంలోనే, పొయ్యీ అతని సగంలోనే ఉన్నాయి. చెల్లెలి సగంలో ఒక కిటికీ, బోలెడంత చలీ మిగిలాయి.

"నీ రాజ్యంలోంచి నడిచి నా రాజ్యానికి వెళ్లాలన్నమాట. సుంకం ఏమైనా కట్టాలా?" అంది గురో.

"రోజుకో గిన్నెడు కాఫీ" అన్నాడు ఎంబ్రిక్.

ఆ సుంకం ఆమె ఒక్క రోజూ బాకీ పడలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం ఎవరో ఒకరి ఇంట్లో కాఫీకి చేరేవారు. అక్కడ ఎంబ్రిక్ నోటికి పండగ. మా ఇంట్లో వాన గురో సగంలో కురిసి నా సగంలో కురవదనేవాడు. మొన్నటి గాలికి నా నీడ ఎగిరిపోయి గుర్రాల బేరగాడు క్రాండల్ పచ్చిక మీద పడిందనీ, పడి ఉన్నంతసేపూ మేత మేసిందని అతను ఖర్చు అడుగుతున్నాడనీ చెప్పేవాడు. ఆ మైదానంలో అతని మాట నమ్మినవాడు లేడు, వినడానికి రానివాడూ లేడు.

అయిదో ఏడు తోర్కెల్ రావడం మొదలుపెట్టాడు. తూర్పున మూడు కోసుల అవతల వాగు ఒడ్డున ఉండేవాడు. భార్య పోయి చాలా కాలమైంది. పశువులున్నాయి గాని వాటికి గడ్డి లేదు. గురో గడిలో పల్లపు చోట మంచి పచ్చిక బీడు ఉంది. మొదట కోసిన గడ్డిని పోగుచేసే గడ్డి దువ్వెన అరువుకి వచ్చాడు. తరువాత దాన్ని తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఆ తరువాత దువ్వెన ప్రసక్తి లేకుండానే వచ్చాడు.

"ఏం తోర్కెల్, నా చెల్లెల్ని చూడ్డానికా, దాని గడ్డిని చూడ్డానికా?" అన్నాడు ఎంబ్రిక్.

"గడ్డి ఏడాదికి ఒక్కసారే పచ్చగా ఉంటుంది కదండీ" అన్నాడు తోర్కెల్, చెవులు ఎర్రబడిపోతుండగా. అంత పొడుగు మాట అతని నోట రావడం అదే మొదలు.

ఆకురాలు కాలానికి అయిదేళ్లు నిండుతాయి. పట్నంలోని భూముల కచేరీకి వెళ్లి, ఇద్దరు సాక్షులతో కాపురం రుజువు చేసుకుంటే గడి గురోది. ఆపైన పెళ్లి. గురో ఆ సంగతి పిండి కలుపుతూ, అన్న ముఖం చూడకుండా చెప్పింది.

"నేల చేతికి రాకపోతేనో?" అన్నాడు ఎంబ్రిక్.

"రాకపోతే ఎక్కడికీ వెళ్లను. వట్టి చేతులతో ఒకరి గడప తొక్కను. తోర్కెల్ ఫరవాలేదంటున్నాడు. నాకు ఫరవా ఉంది."

ఎంబ్రిక్ లేచి గడ్డి మెలిపెట్టడానికి వెళ్లాడు. చెట్టన్నది లేని ఆ నేలమీద గడ్డినే తాళ్లలా మెలిపెట్టి పొయ్యిలో పెట్టుకోవాలి. ఆ రోజు అతను పెట్టిన మెలికలు ఎంత బిగిశాయంటే, అవి రెండు రోజులు అంటుకోలేదు.

ఇంతలో క్రాండల్ అడ్డం తిరిగాడు. గురో పచ్చిక మీద అతనికీ కన్నుంది. 'ఆ మనిషి తన గడిలో కాపురమే ఉండలేదు. ఇంటి తలుపు అన్న సగంలో, పొయ్యి అన్న సగంలో. గడ్డకట్టే చలికాలంలో పొయ్యి లేని చోట ఎవరు పడుకుంటారు?' అని కచేరీలో అభ్యంతరం పెట్టాడు. అబద్ధాలు పుట్టించాల్సిన అవసరమే లేకపోయింది అతనికి.

ఎందుకంటే ఎంబ్రిక్‌కి తెలుసు, గురోకి తెలుసు. రెండేళ్ల కిందట వచ్చిన పెద్ద చలికాలంలో గురో పొయ్యి పక్కనే, అన్న సగంలోనే పడుకుంది. ఒక రోజు, రెండు రోజులు కాదు, మంచు కరిగేదాకా.

కచేరీకి వెళ్లే ముందటి ఆదివారం బెరిత్ అతన్ని పట్టుకుంది. సాక్షుల్లో ఒకడు ఎంబ్రిక్, రెండో సాక్షి ఆవిడే.

"చెల్లెలు వెళ్లిపోతే నీ కోతలు ఎవరికి చెబుతావయ్యా? ఎద్దులకా?"

"ఎద్దులైతే నమ్ముతాయి."

"నమ్మవు. వాటికి నీతో పరిచయం ఉంది" అంది బెరిత్. తరువాత గొంతు తగ్గించి, "ఆ మొదటి వసంతంలో నిన్ను చూశాను. మనిషిలా లేవు. మళ్లీ అలా కాకు" అని వెళ్లిపోయింది.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. ఎంబ్రిక్ పట్నం దారి పొడుగునా దాన్నే నమిలాడు. బండి మీద పక్కన గురో. ముందూ వెనకా గడ్డి, గడ్డి మీద ఆకాశం. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేయిస్తారు. ప్రమాణం చేసి నిజం చెబితే ఎవరు తప్పు పడతారు? పాదిరీ తప్పు పట్టలేడు, దేవుడూ తప్పు పట్టలేడు. ఒక్క నిజం చెబితే గురో ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. కాఫీ గిన్నె అందిస్తుంది. మాట్లాడితే మాట బదులు వస్తుంది. పట్నం కనిపించేసరికి అతను నిశ్చయానికి వచ్చేశాడు. నిజమే చెప్పాలి. పాపభీతి మనిషికి ఎప్పుడెప్పుడు అక్కరకొస్తుందో చెప్పలేం.

కచేరీ నిండా రైతులు, తడిసిన ఉన్ని వాసన. అధికారికి పడిశం. చేతిరుమాలు ముక్కు దగ్గరే పెట్టుకుని విచారణ నడుపుతున్నాడు. ముందు బెరిత్‌ని పిలిచి అడిగాడు. 'అయిదేళ్లుగా ఆ అమ్మాయి ఆ ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఎక్కడ పడుకుందో చూడ్డానికి నేను వాళ్ల మంచం కింద దూరలేదు' అని చెప్పి కూర్చుంది. తరువాత ఎంబ్రిక్ ప్రమాణం చేశాడు.

"ఆ పెద్ద చలికాలంలో మీ చెల్లెలు ఎక్కడ పడుకుంది?" అన్నాడు అధికారి.

ఎంబ్రిక్ గొంతు సవరించుకున్నాడు. "ఆ చలికాలం మంచు మా కప్పు దాకా వచ్చిందండి. తలుపు తెరుచుకోలేదు. కప్పుకి కన్నం చేసి, అందులోంచి ఎక్కి బయటికి వచ్చేవాళ్లం."

వెనక బల్లల మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"బయట గొర్రెలు చచ్చిపోతున్నాయి. వాటికి తాడు కట్టి, ఒక్కొక్కదాన్నీ కప్పులోంచి లోపలికి దింపుకున్నాం."

నవ్వులు పెరిగాయి. "పొగగొట్టంలోంచి దింపలేదా, ఎంబ్రిక్?" అని అరిచాడొకడు.

ఎంబ్రిక్ ఆ మాట విన్నాడు గాని ఆగలేదు. "మెలిపెట్టిన గడ్డి అయిపోయింది. బీడులో గడ్డివామి ఎక్కడుందో మంచు కింద తెలియలేదు. గురో మంచం విరిచి పొయ్యిలో పెట్టాం. అప్పటినుంచి గురో నా సగంలో, పొయ్యి పక్కన పడుకుంది."

"మంచాన్ని కాల్చుకుని చలి కాగారట!"

"మరి గొర్రెలు ఏ సగంలో పడుకున్నాయయ్యా?"

అలవాటైన గొంతు, అలవాటైన ప్రశ్న. ఎంబ్రిక్ ఆలోచించకుండా, "గురో సగంలో" అన్నాడు.

కచేరీ ఘొల్లుమంది. బల్లలు చరిచారు. క్రాండల్ కూడా పళ్లు బయటపెట్టాడు, తరువాత తనకి నష్టమని గుర్తొచ్చి మూసుకున్నాడు. అధికారి రుమాలు తీసి నవ్వబోయి తుమ్మాడు. ఎంబ్రిక్ నిలబడి చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో వరసగా అన్ని నిజాలు చెప్పడం అతనికి అదే మొదలు.

"చాలు, చాలు" అన్నాడు అధికారి బల్ల మీద కొట్టి. "ఇది మీ ఆదివారం కాఫీ కాదు. చెయ్యి ఇంకా బైబిలు మీదే ఉంది, మరిచిపోకండి. కథ వద్దు. ఒక్క ముక్క చెప్పండి. ఆమె తన నేల వదిలి మీ నేలలో కాపురముందా, లేదా?"

ఎంబ్రిక్ ఆ గుంపులో గురో కోసం చూశాడు. అన్ని ముఖాలూ నవ్వుతున్నాయి గనక ఆమెని గుర్తుపట్టడం కష్టం కాలేదు. అతను చెప్పింది నిజమని ఆ గదిలో తెలిసినది ఆమె ఒక్కతే. ఆమెకి కోపం రాలేదు. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. గడ్డి మెలిపెట్టి మెలిపెట్టి పగిలిపోయిన చేతులు ఒళ్లో పెట్టుకుని అతనికేసి చూస్తోంది. చేతికొచ్చిన గోధుమ మీద వడగళ్లు పడుతుంటే గుమ్మంలో నిలబడి చూసేవాళ్ల చూపు అది. ఆపమని ఎవరినీ అడగరు. ఆగాక ఏం మిగులుతుందోనని చూస్తారంతే.

"లేదండి" అన్నాడు ఎంబ్రిక్. "ఒక్క పూట కూడా లేదు."

"అలా సూటిగా చెప్పండి" అన్నాడు అధికారి, సంతోషంగా ముక్కు తుడుచుకుంటూ. క్రాండల్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

తిరుగు దారి పట్టారు. ఎద్దులు నడుస్తున్నాయి. ఎంత నడిచినా అదే గడ్డి, అదే ఆకాశం. ఆ నేలమీద బండి కదులుతోందని చక్రాలకి తప్ప ఎవరికీ తెలియదు.

"గొర్రెల సంగతి చెప్పకుండా ఉండాల్సింది" అంది గురో.

"నిజమేగా."

"నిజమే. అందుకే అంటున్నాను." అతనికేసి తిరిగి, "మొదట ఎందుకు చెప్పావన్నయ్యా?" అంది.

"నోరు జారింది."

"నీ నోరు ఎప్పుడూ అబద్ధంలోకే జారేది. నిజంలోకి జారడం ఇవాళే చూశాను."

అతను ఎద్దుల పగ్గం సర్దుకున్నాడు. సర్దాల్సిన అవసరం ఏమీ లేదు. గురో తన శాలువా సగం తీసి అతని మోకాళ్ల మీద కప్పింది.

పెళ్లయిన వారానికి తోర్కెల్ రంపాలు, ఎద్దులు, నలుగురు మనుషులతో వచ్చాడు. పలకలు ఆ మైదానంలో మొలవవు. రైలు మీద రావాలి. అలాంటప్పుడు గురో సగం ఇంటిని ఊరికే వదిలేస్తారా? చలి ఆగడానికి గోడల చుట్టూ పేర్చిన గడ్డిపెళ్లలు తీసి, నీలం పలక నడుమనుంచి రంపం పెట్టారు. కప్పు మీద ఎంబ్రికే కూర్చుని కోశాడు.

"పెళ్లికూతురు ఇంటిని కూడా పెట్టెలో సర్దుకుని అత్తవారింటికి పోవడం ఎక్కడా చూడలేదు" అంది బెరిత్, కిందనుంచి.

"సగమే తీసుకుపోతోంది. మిగతా సగం మళ్లీ వచ్చి తీసుకుపోతుంది" అన్నాడు ఎంబ్రిక్ పైనుంచి. అందరూ నవ్వారు.

సగం ఇల్లు దుంగల మీద ఎక్కి, ఎద్దుల వెనక తూర్పుకి కదిలింది. కిటికీలో గురో నిలబడి ఉంది. పడవ అంచున నిలబడ్డట్టుగా చెయ్యి ఊపింది. ఇల్లు పొద్దుగూకేదాకా కనిపిస్తూనే ఉంది. ముందు ఇల్లంత, తరువాత పెట్టెంత, తరువాత అగ్గిపుల్లంత. ఎంబ్రిక్ తన సగంలో కుర్చీ వేసుకుని, గోడ ఉండాల్సిన చోటునుంచి చూస్తూ కూర్చున్నాడు. నాటకశాలలో కూర్చున్నట్టుంది. ఆడేవాళ్లు లేరు.

మంచు పడేలోపల ఆ వైపు గోడ కట్టేశాడు. గోడ బాగానే కుదిరింది. కాని కాళ్లకి ఆ సంగతి తెలియదు. చలికాలం పొద్దుటి చీకట్లో లేచి, పొయ్యి రాజేసి, గురోని లేపడానికి తూర్పుకి నడిచేవి. దీపం వెలిగించుకుని నడవచ్చుగా అంటే, మనిషి సొంత ఇంట్లో దీపం పట్టుకుని నడుస్తాడా?

దారి గట్టిపడ్డాక ఒక ఆదివారం మంచుబండి కట్టుకుని తోర్కెల్ ఇంటికి వెళ్లాడు. గురో సగం ఇల్లు అక్కడ వంటగది అయింది. ఇప్పుడు అందులో దానికో పొయ్యి ఉంది, సొంత తలుపు ఉంది. ఎంబ్రిక్ లోపలికి వచ్చి, గోడలోని ప్రతి మేకునీ పాత స్నేహితుల్ని పలకరించినట్టు చూసి, బల్ల దగ్గర కూర్చున్నాడు. గురో కాఫీ పోసి, బంగాళాదుంప రొట్టెలు వెన్నరాసి చుట్టి పెట్టింది. చెంపలు నిండాయి. చేతుల పగుళ్లు మానుతున్నాయి.

"బావగారూ, కొత్త కథలేమైనా ఉన్నాయా? మాకిక్కడ నవ్వు కరువైపోయింది" అన్నాడు తోర్కెల్.

"లేకేం" అన్నాడు ఎంబ్రిక్. "రోజూ పొద్దున్నే గురోని లేపడానికి వెళ్లి గోడకి గుద్దుకుంటున్నాను. పాపం ఆ గోడకి జాలేసి, నిన్న పక్కకి తప్పుకుని 'దయచేయండి' అంది."

తోర్కెల్ తొడ చరుచుకున్నాడు.

"ఇంకా విను. కాఫీ రెండు గిన్నెల్లో పోస్తాను. నాది తాగేశాక రెండోదాని కేసి చూస్తాను. అది తాగదు. తాగవేం అని దానితో పోట్లాడతాను. మొన్న అలిగి మూడు రోజులు మాట్లాడుకోలేదు మేం."

తోర్కెల్‌కి నవ్వి నవ్వి కాఫీ ముక్కులోకి ఎక్కింది. "ఈయనకి ఎలా పుడతాయో! గురో, విన్నావా?"

గురో వినలేదేమో. అన్న నుదుటి మీద, జుట్టు మొదట్లో ఉన్న బొప్పిని చూస్తోంది. దాని పక్కనే పాతదొకటి పచ్చబడి మానుతోంది.

ఆమె లేచి వెళ్లి కాఫీ కుండ తెచ్చింది. అతని గిన్నె నిండుగానే ఉంది. అయినా అంచు దాకా పోసింది.

"ఇక్కడే ఉండిపోకూడదా, మంచు కరిగేదాకా?" అంది.

"నా గడిలో నేను పడుకోవాలిగా."

"నీ నేల నీదయిపోయిందిగా. ఇంకా ఎవరు అడుగుతారు?"

పశువులున్నాయి అన్నాడు. అది నిజమే. ఎద్దులకి మేత వేసేవాళ్లు లేరు.

పొద్దు ఉండగానే బయలుదేరాడు. చీకటి పడితే ఆ మైదానంలో ఆనవాలు పట్టుకోవడానికి ఒక్క చెట్టు లేదు. గురో రొట్టెలు గుడ్డలో కట్టి ఒళ్లో పెట్టి, టోపీని బొప్పి మీదికి లాగి, గుమ్మంలో నిలబడింది. ఆ నేలమీద వెళ్లిపోయే మనిషి చాలాసేపు కనిపిస్తాడు, గుమ్మంలో నిలబడ్డవాళ్లూ అంతే. అతను ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడే ఉంది. చాలా దూరం వెళ్లాక మళ్లీ చూశాడు. చుక్కంత, ఇంకా అక్కడే ఉంది. ఈ చలిలో పిచ్చిది లోపలికి వెళ్లదని, తను చూస్తున్నంతసేపూ వెళ్లదని అతనికి తెలుసు. మూడోసారి వెనక్కి చూడలేదు.